డీఎన్ఏ పెండింగ్ కేసులకు ఇరవై ఏళ్లుగా నిధులిస్తున్నారు, మరి వరుస ఎందుకు తరగడం లేదు?

సందేహాలరావు | సోమవారం, రాత్రి 9:12

ఈమధ్య మళ్లీ అదే వార్త కళ్లబడింది. అమెరికాలో పరీక్ష కాకుండా పడివున్న డీఎన్ఏ సాక్ష్యాలు తేల్చడానికి రాష్ట్రాల ల్యాబులకు ఫెడరల్ గ్రాంట్లట. నేను కాలేజీలో ఉన్నప్పుడూ ఇదే వార్త చదివాను, ఇప్పుడు మా పెద్దాడు కాలేజీకి వచ్చాడు.

నాకు తెలిసినంత చెప్తాను, తప్పుంటే దిద్దండి. 2004లో జస్టిస్ ఫర్ ఆల్ చట్టంలో భాగంగా డెబీ స్మిత్ చట్టం తెచ్చారు. 1989లో వర్జీనియాలో ఆమె మీద అత్యాచారం జరిగింది. నమూనా తీసుకున్నారు, కానీ అది ఫలానా మనిషిదని తేలింది 1995లో. అతగాడు అప్పటికే వేరే నేరంలో జైల్లో ఉన్నాడు. మనిషి జైల్లో, సాక్ష్యం ల్యాబులో, రెండూ కలవడానికి ఆరేళ్లు! ఇలాంటివి మళ్లీ జరగకూడదని ఏడాదికి 15.1 కోట్ల డాలర్ల దాకా ఇవ్వొచ్చని చట్టంలో రాశారు. 2008లో, 2014లో, 2019లో పొడిగించుకుంటూ వచ్చారు.

ఇన్నేళ్లు ఇన్ని కోట్లు పోసినా 'పెండింగ్' అన్న మాట వార్తల్లోంచి పోవడం లేదు. ల్యాబుల వ్యవహారం తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

ముక్కుసూటి | సోమవారం, రాత్రి 9:30

ప్రభుత్వ సొమ్ము, చిల్లుకుండలో నీళ్లు. ఇందులో తెలుసుకునేదేముంది?

పిపెట్టు | సోమవారం, రాత్రి 11:47

రావుగారూ, నేను అక్కడే ఒక రాష్ట్రంలో ఫోరెన్సిక్ ల్యాబులో పనిచేస్తున్నాను. ఏ ల్యాబో అడక్కండి, ఉద్యోగం ఉండాలి కదా.

ముందు 'పెండింగ్' అంటే ఏమిటో తేల్చుకుందాం. ఈ గ్రాంట్లను మొదట్నుంచీ చూసిన ఎన్ఐజే, అంటే న్యాయశాఖ పరిశోధన విభాగం, ఒక నిర్వచనం పెట్టుకుంది. శాంపిల్ ల్యాబుకు చేరాక 30 రోజుల్లో పరీక్ష పూర్తికాకపోతే అది పెండింగ్ కింద లెక్క.

'ల్యాబుకు చేరాక' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. అత్యాచార బాధితురాలి ఒంటి మీంచి తీసిన నమూనాల కిట్టు ఒకటి పోలీసు గోదాములో పదిహేనేళ్లుగా అట్టపెట్టెలో ఉందనుకోండి, అది ల్యాబు గుమ్మమే తొక్కలేదు. కాబట్టి ఈ లెక్కలో దానికి చోటు లేదు. అంటే ఒకే పేరుతో రెండు వేరు వేరు వరుసలున్నాయి. పేపర్లో రెండింటినీ కలిపి ఒకే అంకె వేస్తారు. చదివినవాళ్లు డబ్బంతా ఏమైందని మమ్మల్ని తిడతారు.

సందేహాలరావు | మంగళవారం, ఉదయం 6:58

అంటే డెట్రాయిట్‌లో పోలీసు గోదాములో బయటపడ్డ ఆ పదకొండు వేల కిట్లు కూడా ల్యాబు లెక్కలో లేవా?

పిపెట్టు | మంగళవారం, ఉదయం 7:20

లేవండి. ఒక్కటి కూడా ల్యాబుకు పంపకపోతే ల్యాబు దృష్టిలో పెండింగ్ సున్నా. కాగితం మీద అంతా శుభ్రమే.

నీలికలం | మంగళవారం, మధ్యాహ్నం 1:15

డెట్రాయిట్ సంగతి కొంచెం వివరంగా రాస్తాను. ఒకప్పుడు దీని మీద వ్యాసం రాయబోయి చాలా చదివాను. వ్యాసం పూర్తికాలేదు, నోట్సు మాత్రం మిగిలింది.

2008లో ఆ నగర పోలీసుల క్రైమ్ ల్యాబును మూసేశారు. తుపాకుల పరీక్షల్లో తప్పులు ఆడిట్‌లో బయటపడటం కారణం. మరుసటి ఏడాది ఆగస్టులో ప్రాసిక్యూటర్ ఆఫీసు మనిషి ఒకరు పోలీసు గోదాములోకి వెళ్తే అలమారాల నిండా అత్యాచార సాక్ష్యాల కిట్లు! లెక్కపెడితే 11,341. కొన్ని 1980ల నాటివి. డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీ ప్రాసిక్యూటర్ కిమ్ వర్దీ పట్టుబట్టి ఒక్కో కిట్టు వెనకున్న కేసు ఏమిటో వెతికించారు. కేవలం లెక్కపెట్టి జాబితా తయారుచేయడానికే చాలాకాలం పట్టింది. గ్రాంటు దరఖాస్తులో ఈ పనికి గడి ఉండేది కాదు. ఎవరికీ పట్టని పని అది.

2011లో ఎన్ఐజే డెట్రాయిట్‌ను, హ్యూస్టన్‌ను పరిశోధనకు ఎంచుకుంది. డెట్రాయిట్ పరిశోధనకు మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రెబెకా క్యాంప్‌బెల్ నాయకత్వం వహించారు. ఆమె బృందం పాత పోలీసు రిపోర్టులు తిరగేసింది. కిట్లు ఎందుకు పంపలేదు? సిబ్బంది కొరత ఒక కారణం, నిజమే. దాంతోపాటు ఫిర్యాదు చేసిన ఆడవాళ్లను నమ్మకపోవడం. ఆమె మాట మీద నమ్మకం లేదని రిపోర్టుల్లో పోలీసులే రాసుకున్నారు. నమ్మనివాడు కిట్టు ఎందుకు పంపుతాడు?

ముక్కుసూటి | మంగళవారం, మధ్యాహ్నం 1:40

చూశారా! డబ్బు లేక కాదు, మనసు లేక. మరి కోట్లు గుమ్మరిస్తే మనసు వస్తుందా?

నీలికలం | మంగళవారం, మధ్యాహ్నం 2:05

రాదు. కానీ 'డబ్బు లేదు' అన్న సాకు మాత్రం పోతుంది. సాకు పోయాకే మనసుందో లేదో తేలుతుంది. అదీ చిన్న విషయం కాదు.

లెక్కలమాస్టారు | మంగళవారం, రాత్రి 8:33

అందరూ కథలు చెప్తున్నారు, నేను లెక్క చెప్తా.

జీఏఓ అని అమెరికా కాంగ్రెస్‌కు ఖర్చుల తనిఖీ చేసిపెట్టే సంస్థ ఒకటుంది. 2019 నివేదికలో ఏం చెప్పిందంటే, రాష్ట్ర, స్థానిక ల్యాబుల్లో నేరస్థల డీఎన్ఏ పెండింగ్ 2011లో సుమారు 91,000 ఉంటే 2017కి సుమారు 1,69,000 అయింది. అంటే 85 శాతం పెరిగింది. అదే కాలంలో ల్యాబులు అంతకుముందుకన్నా ఎక్కువ కేసులే తేల్చాయి!

ఇది పూర్వం ఎక్కాల పుస్తకంలో ఉండే తొట్టి లెక్క. ఒక గొట్టం నీళ్లు నింపుతుంది, ఇంకోటి ఖాళీ చేస్తుంది. నెలకు వంద కేసులు వచ్చే ల్యాబు తొంభై తేలుస్తోందనుకోండి (అంకెలు ఊహే). ఏడాదికి 120 మిగులుతాయి. గ్రాంటు వచ్చింది, ఓవర్‌టైమ్ చేసి ఆ 120 తీర్చేశారు. ఫొటో దిగారు. గ్రాంటు అయిపోయింది. వచ్చే ఏడాది ఇదే రోజుకు మళ్లీ 120. తొట్టిని తోడటానికి డబ్బిచ్చారు, గొట్టం వెడల్పు చెయ్యడానికి ఇవ్వలేదు. పైగా గ్రాంటు వచ్చిందని తెలిసి పోలీసులు నెలకు నూట ఇరవై పంపడం మొదలుపెడితే తొట్టి పొంగిపోతుంది. డబ్బు దండగైనందుకు కాదు, పనిచేసినందుకే పొంగిందన్నమాట.

పిపెట్టు | బుధవారం, రాత్రి 12:21

మాస్టారూ, మా మేనేజరు గంటసేపు స్లైడ్లేసి చెప్పింది మీరు తొట్టితో తేల్చేశారు.

ఒక్క సవరణ చేస్తాను. ఆ కార్యక్రమం పేరులోనే తర్వాత 'సామర్థ్యం పెంపు' చేర్చారు, యంత్రాలూ రోబోలూ కొనుక్కోవచ్చు. మా దగ్గర డీఎన్ఏ వెలికితీసే రోబో అలా వచ్చిందే. మనుషుల దగ్గరే చిక్కంతా. కొత్తగా చేరిన విశ్లేషకుడు సొంతంగా కేసు చూసి కోర్టులో నిలబడాలంటే ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోచోట ఇంకా ఎక్కువ శిక్షణ కావాలి. ఆ శిక్షణ ఇచ్చేది ఎవరు? కేసులు బాగా తేల్చే సీనియర్లే. అంటే మనిషిని తీసుకున్న మొదటి ఏడాది ల్యాబు పని పెరగదు, తగ్గుతుంది! ఒక గ్రాంటు గడువులోపల ఇదంతా ఫలితంగా చూపించమంటారు. నేను చేరిన కొత్తలో నాతోపాటు చేరిన ఇద్దరు శిక్షణ ముగిసిన కొన్ని నెలలకే ఎక్కువ జీతానికి ప్రైవేటు ల్యాబుకు వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను.

"ప్రైవేటు ల్యాబులకే పంపేయొచ్చుగా" అని అడుగుతారు. పంపుతాం. కానీ అక్కడ తీసిన ప్రొఫైల్ (మనిషిని గుర్తుపట్టే డీఎన్ఏ గుర్తు) ఎఫ్‌బీఐ వారి కోడిస్‌లోకి, అంటే జాతీయ డీఎన్ఏ డేటాబేస్‌లోకి ఎక్కాలంటే ప్రభుత్వ ల్యాబువాళ్లు ఆ ఫలితాలన్నీ తిరగచూడాలి. ప్రైవేటు ల్యాబులు నేరుగా ఎక్కించలేవు. వెయ్యి కిట్లు బయటకు పంపితే కొన్ని నెలల తర్వాత వెయ్యి ఫైళ్లు నా బల్ల మీదకు తిరిగొస్తాయి. ఇదిగో, మూడో వరుస తయారు.

ఇన్ని తిట్టుకున్నా పని తీరు మాత్రం మారింది. పూర్వం ప్రతి గుడ్డ ముక్కనూ ముందు వీర్యం కోసం రసాయనాలతో, మైక్రోస్కోపుతో గంటల తరబడి వెతికేవాళ్లు. ఇప్పుడు చాలా ల్యాబులు ఆ మెట్టు దాటేసి, నేరుగా శాంపిల్లో మగవాడి డీఎన్ఏ ఎంతుందో కొలుస్తాయి. ఉంటే ముందుకు వెళ్తాం, లేకపోతే అక్కడితో ఆపేస్తాం. గ్రాంటు డబ్బుతో కొన్నవాటిలో నన్నడిగితే ఈ పద్ధతికి పెట్టిన ఖర్చే అన్నిటికన్నా గిట్టుబాటు.

నల్లకోటు | బుధవారం, ఉదయం 10:02

తొందరపెట్టేముందు హ్యూస్టన్ గుర్తుచేస్తాను. అక్కడి పోలీసు ల్యాబులో డీఎన్ఏ విభాగాన్ని 2002 డిసెంబరులో మూసేయాల్సి వచ్చింది, పని అంత నాసిగా ఉండేది. జొసయా సటన్ అనే కుర్రాడికి పదహారేళ్ల వయసులో జరిగిన అరెస్టు మీద, ఆ ల్యాబు ఇచ్చిన డీఎన్ఏ ఫలితంతో పాతికేళ్ల శిక్ష పడింది. 2003లో మళ్లీ పరీక్షిస్తే ఆ డీఎన్ఏ అతనిది కాదు. అప్పటికి నాలుగేళ్లకు పైగా లోపల ఉన్నాడు.

అదే నగరం తర్వాత ల్యాబును పోలీసుల చేతుల్లోంచి తీసి స్వతంత్ర సంస్థకు అప్పగించింది. పెండింగ్ తీర్చడం ఎంత అవసరమో, ఎవరు తీరుస్తున్నారు అన్నది అంతకన్నా అవసరం. హడావుడిగా పదివేలు తేల్చి అందులో పది తప్పులు చేస్తే ఆ పది ఎవరి జీవితాలు?

ముక్కుసూటి | బుధవారం, ఉదయం 10:30

ఇది మాత్రం ఒప్పుకుంటున్నా. రాసిపెట్టుకోండి, అరుదుగా జరుగుతుంది.

నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 11:15

డీఎన్ఏ తప్పా ఒప్పా, మరణశిక్ష ఉండాలా వద్దా అంటూ వచ్చిన తొమ్మిది వ్యాఖ్యల్ని వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ నిధుల సంగతే మాట్లాడుకుందాం. బాధితుల గురించి రాసేటప్పుడు భాష జాగ్రత్త.

నీలికలం | బుధవారం, సాయంత్రం 4:48

పిపెట్టు గారు చెప్పిన రెండు వరుసల్లో పోలీసు గోదాము వరుసకు విడిగా డబ్బు రావడానికి 2015 దాకా పట్టింది. ఆ కార్యక్రమాన్ని 'సాకీ' అంటారు (సాకు కాదులెండి). 2015 సెప్టెంబరులో రెండు ప్రకటనలు కలిపి చేశారు. సాకీ కింద ఫెడరల్ ప్రభుత్వం సుమారు 4.1 కోట్ల డాలర్లు, మన్‌హటన్ డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు సుమారు 3.8 కోట్లు. ఒక ప్రాసిక్యూటర్ ఆఫీసు తనకు దక్కిన జప్తు సొమ్ములోంచి వేరే రాష్ట్రాల కిట్ల పరీక్షకు డబ్బివ్వడం వింతే. నేరస్తుడికి రాష్ట్ర సరిహద్దు ఉండదు కదా అన్నది వాళ్ల వాదన.

సాకీలో నాకు నచ్చింది ఏమిటంటే పరీక్ష ఒక్కదానికే డబ్బివ్వడం కాదు. కిట్లు లెక్కపెట్టడానికి, పాత కేసు మళ్లీ తెరిచి దర్యాప్తు చెయ్యడానికి, ప్రాసిక్యూషన్‌కు, బాధితురాలికి కబురు చెప్పడానికి కూడా ఇస్తారు. డెట్రాయిట్ నేర్పిన పాఠం అది.

ఒహాయోది ఇంకో దారి. రాష్ట్ర అటార్నీ జనరలే "మీ దగ్గర ఎన్నున్నా పంపండి, మా ల్యాబులో ఉచితంగా చేస్తాం" అని పోలీసు శాఖలకు చెప్పేశారు. 2018 ఫిబ్రవరికి 13,931 కిట్లు పూర్తిచేస్తే కోడిస్‌లో 5,024 చోట్ల పేరు తగిలింది, అంటే కిట్టులోని డీఎన్ఏ అక్కడున్న ప్రొఫైల్‌తో కలిసింది.

ముక్కుసూటి | బుధవారం, సాయంత్రం 5:20

పేరు తగలడం సరే, జైలుకు ఎంతమంది వెళ్లారు? నేనూ వెతికాను. హ్యూస్టన్‌లో 6,600 పైచిలుకు కిట్లకు సుమారు 60 లక్షల డాలర్లు పెట్టారు. 2015లో ప్రకటించినప్పుడు తగిలిన పేర్లు 850. కేసు పెట్టింది 29 మంది మీద. 6,600 ఎక్కడ, 29 ఎక్కడ! కొండను తవ్వి ఎలుకను పట్టడం కాదా ఇది?

నల్లకోటు | బుధవారం, రాత్రి 9:55

న్యాయమైన ప్రశ్నే. ఒక్కొక్కటిగా చెప్తాను.

ఆ 29 ఫలితాలు వచ్చిన రోజున ఉన్న లెక్క. పరీక్ష ముగిసినచోట దర్యాప్తు మొదలవుతుంది. పేరు తగిలిందంటే 'ఈ మనిషి అక్కడ ఉన్నాడు' అని మాత్రమే. అతను 'ఆమె ఒప్పుకుంది' అంటే డీఎన్ఏ ఇక నోరు మెదపదు. సాక్షులు కావాలి, అప్పటి డిటెక్టివ్ కావాలి, అన్నిటికన్నా ముందు ఆమె సిద్ధంగా ఉండాలి. కొన్ని పేర్లు అప్పటికే శిక్షపడ్డవాళ్లవి కావచ్చు. కొన్నిచోట్ల కేసు పెట్టడానికి చట్టం ఇచ్చిన కాలపరిమితి దాటిపోయి ఉంటుంది. గడువు దాటకుండా చెయ్యడానికి ఒక ఉపాయం ఉంది. మనిషి పేరు తెలియకపోయినా అతని డీఎన్ఏ ప్రొఫైల్ మీదే వారంటు తీయడం. 1999లో మిల్వాకీలో అలా తీశారు. కానీ ప్రొఫైల్ ఉంటేనే గదా వారంటు! కిట్టు పెట్టెలోనే ఉంటే గడియారం తిరుగుతూనే ఉంటుంది.

ఇక ఎలుక సంగతి. డెట్రాయిట్ పరిశోధనలో మొదట 1,595 కిట్లు పరీక్షించారు. 785 ప్రొఫైళ్లు కోడిస్‌కు పనికొచ్చాయి, 455 చోట్ల తగిలాయి. వాటిలో 127 ఒకటికన్నా ఎక్కువ లైంగిక దాడులతో ముడిపడినవి. అంటే వీధిలో కొత్త మనిషి చేసిన నేరం, ఇంట్లో తెలిసిన మనిషి చేసిన నేరం రెండూ ఒకడివే అని తేలొచ్చు. 'నిందితుడెవరో తెలుసు, కిట్టు పరీక్ష ఎందుకు' అని పక్కన పెట్టిన కిట్టే ఇంకో కేసుకు తాళంచెవి అవుతుంది. దాన్ని ఒక కేసు, ఒక శిక్ష అన్న కొలతతో కొలిస్తే మీ లెక్కే వస్తుంది.

ముక్కుసూటి | బుధవారం, రాత్రి 10:10

127 సంగతి నాకు తెలీదు. ఎలుక మాట వెనక్కి తీసుకుంటున్నా. అయినా 60 లక్షలు పరీక్షకు పెట్టి, దర్యాప్తుకు డిటెక్టివులు లేకపోతే ఆ 850 ఫైళ్లు ఇంకో బల్ల మీద పేరుకుంటాయి. అది నాలుగో వరుస. కాదంటారా?

నల్లకోటు | బుధవారం, రాత్రి 10:14

కాదనను. ఈ చర్చలో మీరన్న వాటిల్లో బంగారంలాంటి మాట అదే.

అర్ధరాత్రి_పాఠకురాలు | గురువారం, రాత్రి 1:36

చాలాకాలంగా చదవడమే తప్ప ఇక్కడ రాయను. ఇవాళ రాయాలనిపించింది. నేనొక సహాయ సంస్థలో కొన్నేళ్లు వలంటీరుగా ఉన్నాను. బాధితులకు తోడుగా ఆస్పత్రికి వెళ్లడం మా పని.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసో. కొన్ని గంటలు పడుతుంది. ఒంట్లో ప్రతి భాగం నుంచి దూదిపుల్లలతో తీస్తారు. గోళ్ల కింద గీస్తారు. బట్టలు ఒక్కొక్కటీ వేరే కాగితం సంచిలో పెడతారు. స్నానం చెయ్యకుండా, కొన్నిసార్లు నీళ్లు కూడా తాగకుండా ఆమె అదంతా భరిస్తుంది. ఎందుకు? ఎవరో దాన్ని తెరిచి చూస్తారని. కిట్టు అని మనం తేలిగ్గా రాస్తున్నాం గానీ అది ఆమె ఒంటి మీంచి తీసుకున్నది.

ఇప్పుడు పన్నెండేళ్ల తర్వాత ఫోను మోగుతుంది. "మీ కిట్టు పరీక్షించాం." ఈ మధ్యలో ఆమె పెళ్లి చేసుకుని ఉండొచ్చు, భర్తకు ఈ సంగతి తెలియకపోవచ్చు. ఫోను ఎత్తింది పిల్లాడైతే? మేము శిక్షణలో ఇదే నేర్చుకున్నాం. సందేశం పెట్టకూడదు, విషయం ఎవరికీ చెప్పకూడదు, మొదట ఆమెకు మాట్లాడటానికి వీలేనా అని అడగాలి. హ్యూస్టన్‌లో అయితే వాళ్లే ఫోను చెయ్యకుండా, బాధితులే అడిగి తెలుసుకునే ఫోను లైను కూడా పెట్టారు. నాకు అది మంచిదనిపించింది. తెలుసుకోవాలా వద్దా అన్నది ఆమె చేతిలో ఉంటుంది.

నిధుల లెక్కల్లో ఈ ఫోను చేసే మనిషి జీతం చివరి వరుసలో ఉంటుంది. మొదట కోత పడేదీ అక్కడే.

సందేహాలరావు | గురువారం, ఉదయం 7:05

అమ్మా, రాసినందుకు నమస్కారం. దీని తర్వాత నేను అడగబోయింది చిన్నగా కనిపిస్తోంది. అయినా అడుగుతాను. అలా తీసుకున్న ఆమె డీఎన్ఏ తర్వాత ఏమవుతుంది?

నల్లకోటు | గురువారం, ఉదయం 9:40

చిన్నది కాదు. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయటపడింది. ఒకామె కొన్నేళ్ల క్రితం అత్యాచారం కేసులో ఇచ్చిన డీఎన్ఏను పోలీసులు దొంగతనం లాంటి వేరే కేసులో ఆమెనే పట్టుకోవడానికి వాడారు. అక్కడి డిస్ట్రిక్ట్ అటార్నీయే ఈ సంగతి బయటపెట్టి కేసు ఎత్తేశారు. జాతీయ కోడిస్‌లో బాధితుల ప్రొఫైళ్లు పెట్టకూడదు. స్థానికంగా ల్యాబు దాచుకునే జాబితాల మీదే అప్పట్లో చూపు లేదు. ఇలాంటి వార్త ఒక్కటి చాలు, ఇంకో వంద మంది ఆస్పత్రి గడప తొక్కకుండా ఆగిపోవడానికి.

లెక్కలమాస్టారు | గురువారం, సాయంత్రం 6:12

రావుగారు మొదట అడిగిన 15.1 కోట్ల గురించి ఎవరూ చెప్పలేదు. అది పరిమితి మాత్రమే, బీరువా మీద రాసిన అంకె లాంటిది. లోపల ఎంత పెట్టాలో ఏటా బడ్జెట్లో వేరే తేలుస్తారు. పెట్టినదాంట్లోంచి శిక్షణ, పరిశోధన వగైరాలకు కూడా తీస్తారు. ల్యాబుకు చేరేది మిగిలింది.

ఇంకో తమాషా. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది ప్రధానంగా అక్కడ నమోదైన హింసాత్మక నేరాల సంఖ్యను బట్టి లెక్కగడతారు. ఎవరి వరుస ఎంత పొడుగుందో దాన్నిబట్టి కాదు. అలా ఇస్తే వరుస తగ్గించినవాడికి డబ్బు తగ్గుతుంది, పెంచుకున్నవాడికి పెరుగుతుంది, అదీ చిక్కే.

ముక్కుసూటి | గురువారం, సాయంత్రం 6:30

మరి సాకీకి ముందు గోదాముల్లో ఎన్నున్నాయో లెక్కపెట్టడానికి ఎవరైనా డబ్బిచ్చారా, మాస్టారూ?

లెక్కలమాస్టారు | గురువారం, రాత్రి 7:48

2013లో సేఫర్ చట్టం అని తెచ్చారు. డెబీ స్మిత్ నిధుల్లో 5 నుంచి 7 శాతం దాకా పోలీసుల దగ్గరున్న కిట్ల ఆడిట్‌కు కేటాయించాలని. చేయించుకుంటారా లేదా అన్నది రాష్ట్రాల, నగరాల ఇష్టం. దరఖాస్తు పెట్టినవాడికే ఇస్తారు. ఇల్లినాయ్ అంతకుముందే, 2010లోనే, కిట్లన్నీ ల్యాబుకు పంపి తీరాలని చట్టం చేసింది. ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే.

పిపెట్టు | గురువారం, రాత్రి 11:58

అలాంటి చట్టం వచ్చిన రాష్ట్రంలో ల్యాబువాళ్లకు ఆ ఏడాది ఎలా ఉంటుందో ఊహించుకోండి మాస్టారూ. మీ తొట్టి.

ఇదాహో 2017లో కిట్లకు కొరియర్ పార్శిల్ మాదిరి నంబరిచ్చి జాడ చూసుకునే వ్యవస్థ పెట్టింది. ఆస్పత్రి, పోలీసు, ల్యాబు, ఎక్కడుందో బాధితురాలే ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. అలాంటిది ఉన్న ఒకచోట పనిచేసే స్నేహితురాలు చెప్పింది. పొద్దున ల్యాబు తెరిచేసరికి ఒకే కిట్టు పేజీని రాత్రంతా ఎవరో పదిసార్లు తెరిచి చూసినట్టు కనిపిస్తుందట. వాళ్ల ల్యాబులో ఆ కిట్టు వంతు ఇంకా రాలేదు.

అర్ధరాత్రి_పాఠకురాలు | శుక్రవారం, రాత్రి 12:40

ఆ స్నేహితురాలు ఆ కిట్టును ముందుకు జరిపారా?

పిపెట్టు | శుక్రవారం, రాత్రి 12:44

జరపకూడదండి. దాని ముందున్నవాళ్లూ చూసుకుంటూనే ఉంటారు కదా.